డేటా ఫైల్ నుంచి సర్ఫేస్ దాకా: క్యాడ్‌లో విమానం రెక్క గీయడం ఎలా?

"పాయింట్ల ఫైల్ ఇంపోర్ట్ చేశానండీ, కర్వ్ వంకరటింకరగా వచ్చింది. ఏ సెట్టింగ్ మార్చాలి?" ఇంజనీరింగ్ పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నూటికి తొంభైసార్లు మార్చాల్సిన సెట్టింగంటూ ఏమీ ఉండదు. తప్పు ఫైల్లో ఉంటుంది, వెతుకులాట సాఫ్ట్‌వేర్లో జరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా క్యాడ్ (కంప్యూటర్లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) తెరవకముందు చేయాల్సిన పనే ఉంది. విసుగనిపించినా దాటేయకండి.

ఉదాహరణగా ఒక చిన్న మోడల్ విమానం రెక్కను తీసుకుందాం. ఎయిర్‌ఫాయిల్, అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, నాకా 2412 అనే ప్రామాణిక రకం. విమానం పొట్ట దగ్గర (రూట్) రెక్క వెడల్పు, అంటే కార్డ్ పొడవు, 200 మి.మీ. కొన దగ్గర (టిప్) 120 మి.మీ. ఒక వైపు రెక్క పొడవు 600 మి.మీ. కొన 2 డిగ్రీలు ముక్కు కిందికి తిరిగి ఉంటుంది (ఇక్కడ ముక్కు అంటే రెక్క ముందు అంచు, తోక అంటే వెనక అంచు). టర్బైన్ బ్లేడ్ అయినా, పడవ అడుగుభాగం అయినా, పంపు ఇంపెల్లర్ అయినా వరుస ఇదే.

ఒక హెచ్చరిక. ఇది లెక్కగట్టిన, శుభ్రమైన పాయింట్లకు పనికొచ్చే పద్ధతి. 3డీ స్కానర్ ఇచ్చే లక్షల పాయింట్లకు ఇది వాడకండి. స్కాన్ పాయింట్లలో వణుకు ఉంటుంది. ప్రతి పాయింట్ గుండా కర్వ్ వెళ్లాలంటే ఆ వణుకు కూడా కర్వ్‌లోకి వస్తుంది.

1. మొదలుపెట్టే ముందు కాగితం మీద రాసుకోవాల్సినవి

☐ యూనిట్లు: మి.మీ. (చివరిదాకా ఇవే)
☐ ఎక్స్: ముక్కు నుంచి తోక వైపు
☐ వై: పైకి
☐ జడ్: రెక్క పొడవు వెంట (రూట్ 0, టిప్ 600)
☐ ఆరిజిన్: రూట్ ముక్కు
☐ రెక్కను తయారు చేసేది ఎలా: ప్రింటరా, బాల్సా చెక్కా, ఫోమ్ కోతా?

చివరి ప్రశ్న ఇక్కడెందుకు అంటారేమో. తోక ఎంత పల్చగా ఉండొచ్చో తేలేది దాంతోనే. ఆ నిర్ణయం డేటాలోనే తీసుకోవాలి, తర్వాత కాదు.

2. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి

ఎయిర్‌ఫాయిల్ ఫైళ్లకు ఎక్కువమంది వెళ్లేది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం డేటాబేస్‌కే. అక్కడి నాకా 2412 ఫైల్ మొదట్లో ఇలా ఉంటుంది:

నాకా 2412
1.0000   0.0013
0.9500   0.0114
0.9000   0.0208

మొదటి వరుస పేరు. ఆ తర్వాత రెండు నిలువు వరుసలు, ఎక్స్, వై. కార్డ్ పొడవును 1గా పెట్టి లెక్కగట్టినవి కాబట్టి వీటికి యూనిట్లు లేవు. తోక దగ్గర మొదలై, పై ఉపరితలం మీదుగా ముక్కు (0, 0) దాకా వచ్చి, కింది ఉపరితలం మీదుగా తిరిగి తోకకు వెళ్తాయి. దీన్ని సెలిగ్ ఫార్మాట్ అంటారు. మనకు కావాల్సింది సరిగ్గా ఈ వరుసే.

ఇంకొకటి లెడ్నిసర్ ఫార్మాట్. అందులో పై ఉపరితలం ముక్కు నుంచి తోకకు, కింది ఉపరితలం మళ్లీ ముక్కు నుంచి తోకకు ఉంటాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రెండో వరుసలో పాయింట్ల సంఖ్య ఉంటుంది, ఉదాహరణకు "17. 17." అని. దాన్ని తీసేయకపోతే క్యాడ్ అదీ ఒక పాయింటే అనుకుంటుంది. రెక్క ఒక చోట, కర్వ్ తోక ఎక్కడో ఊరవతల కనిపిస్తుంది.

లెడ్నిసర్ ఫైల్‌ను సరిచేసే వరుస:

– పేరు వరుస, సంఖ్యల వరుస, ఖాళీ వరుసలు తీసేయండి.
– పై ఉపరితలం పాయింట్లను తలకిందులు చేయండి. ఎక్సెల్‌లో పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే చాలు.
– (0, 0) రెండుసార్లు ఉంటుంది. ఒకటి తీసేయండి.

ఆ మూడోది మరిచిపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒకే చోట రెండు పాయింట్లు వరసగా ఉంటే స్ప్లైన్ (పాయింట్ల గుండా వెళ్లే నున్నటి కర్వ్) అసలు తయారుకాకపోవచ్చు, లేదా ముక్కు దగ్గర చిన్న మెలిక పడుతుంది. ఆ మెలిక కంటికి కనిపించదు. లాఫ్ట్ (రెండు సెక్షన్ల మధ్య సర్ఫేస్ పరచడం) చేసేటప్పుడు బయటపడుతుంది.

3. పాయింట్లు సరిపోతాయా? లేకపోతే మీరే లెక్కగట్టండి

పై ఫైల్లో ఉన్నవి 35 పాయింట్లే. దశాంశం తర్వాత నాలుగు అంకెలే. బాల్సా చెక్క రిబ్ కోయడానికి పర్వాలేదు. నున్నటి సర్ఫేస్ కావాలంటే చాలదు.

ముక్కు సంగతి చూడండి. నాకా నాలుగంకెల ఎయిర్‌ఫాయిల్ ముక్కు వ్యాసార్ధం 1.1019 × మందం². మందం (కార్డ్‌లో ఎన్నో వంతో) 0.12, కార్డ్ 200 మి.మీ. కాబట్టి 3.17 మి.మీ. వస్తుంది. ఇప్పుడు కార్డ్‌ను 40 సమాన భాగాలు చేశారనుకోండి. ముక్కు తర్వాతి పాయింట్ 5 మి.మీ. దూరంలో పడుతుంది. అంటే ముక్కు గుండ్రం మొత్తం దాటిపోయాక! మధ్యలో ఏ ఆకారం ఉండాలో స్ప్లైన్ తనకు తోచినట్టు ఊహించుకుంటుంది.

దీనికి మందు కొసైన్ దూరాలు. కోణాన్ని సమానంగా విభజిస్తే పాయింట్లు ముక్కు దగ్గరా తోక దగ్గరా దగ్గరదగ్గరగా, మధ్యలో దూరదూరంగా పడతాయి. 40 భాగాలకు ముక్కు తర్వాతి పాయింట్ సుమారు 0.3 మి.మీ. లోనే వస్తుంది.

ఎక్సెల్‌లో ఒక్కో నిలువు వరుసలో ఒక్కో లెక్క పెట్టుకోండి:

– బీటా: 0 నుంచి 180 డిగ్రీల దాకా, 4.5 చొప్పున
– ఎక్స్ = 0.98 × (1 − కాస్ బీటా) ÷ 2
– అర మందం = 0.6 × (0.2969 × √ఎక్స్ − 0.1260 × ఎక్స్ − 0.3516 × ఎక్స్² + 0.2843 × ఎక్స్³ − 0.1015 × ఎక్స్⁴)
– మధ్యరేఖ ఎత్తు: ఎక్స్ 0.4 దాటకపోతే 0.125 × (0.8 × ఎక్స్ − ఎక్స్²); దాటితే (0.2 + 0.8 × ఎక్స్ − ఎక్స్²) ÷ 18
– మధ్యరేఖ వాలు: 0.4 దాటకపోతే 0.25 × (0.4 − ఎక్స్), దాటితే (0.4 − ఎక్స్) ÷ 9. దీని ఆర్క్‌ట్యాన్ వాలు కోణం.
– పై పాయింట్: (ఎక్స్ − అర మందం × సైన్ వాలు కోణం, మధ్యరేఖ ఎత్తు + అర మందం × కాస్ వాలు కోణం)
– కింది పాయింట్: ఇదే, అర మందం ముందున్న గుర్తులు తిరగేసి

ఎక్సెల్ సైన్, కాస్ రేడియన్లలో లెక్కిస్తాయి. బీటాను డిగ్రీలలో రాశారు కాబట్టి మార్చాలి. ఆర్క్‌ట్యాన్ ఇచ్చేది రేడియన్లే, దాన్ని మార్చకూడదు. ఈ రెండింటినీ కలగలిపి గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

లెక్క సరిపోయిందో లేదో చూడాలంటే ఎక్స్ గడిలో ఒకసారి 0.3 అని కొట్టండి. పై పాయింట్ ఎత్తు 0.0787 రావాలి.

ఇక ఆ 0.98 ఎందుకో చెప్తాను. ఈ సూత్రం ప్రకారం తోక సున్నా మందానికి రాదు, కార్డ్‌లో సుమారు 0.25 శాతం మిగులుతుంది. 200 మి.మీ. రూట్‌లో అది 0.5 మి.మీ., 120 మి.మీ. టిప్‌లో 0.3 మి.మీ. 0.4 మి.మీ. నాజిల్ ఉన్న ప్రింటర్‌కు రెండు గోడలు కావాలంటే 0.8 మి.మీ. ఉండాలి. కార్డ్‌ను 98 శాతం దగ్గర ఆపేస్తే తోక మందం రూట్‌లో 1.6, టిప్‌లో దాదాపు 1 మి.మీ. వస్తుంది. రెక్క వైశాల్యం 2 శాతం తగ్గుతుంది, అంతే. కొందరు చివరి గుణకాన్ని 0.1015 బదులు 0.1036 పెట్టి తోకను సూదిమొనలా మూస్తారు. గాలి ప్రవాహం లెక్కలకు అది బాగానే ఉంటుంది కానీ, తయారు చేయాల్సిన వస్తువుకు వద్దు.

చివరగా 81 పాయింట్లను ఒకే వరుసలో పేర్చండి: పై ఉపరితలం బీటా 180 నుంచి 0 దాకా, ఆపై కింది ఉపరితలం 4.5 నుంచి 180 దాకా.

4. సైజు పెంచడం, తిప్పడం

సైజు క్యాడ్‌లో మార్చొచ్చు కదా అంటారు. మార్చొచ్చు. కానీ రెండు సెక్షన్లు, రెండు స్కేళ్లు, ఒక కోణం, ఒక జరుపు... ఏది ముందు చేశారో రేపు మీకే గుర్తుండదు. అన్నీ ఎక్సెల్‌లోనే కానివ్వండి.

రూట్ సులువు. ఎక్స్, వై రెండింటినీ 200తో హెచ్చించి జడ్ దగ్గర 0 పెట్టండి.

టిప్‌ను పావు కార్డ్ బిందువు చుట్టూ తిప్పాలి. రూట్‌లో ఆ బిందువు 50 మి.మీ. దగ్గర ఉంది. టిప్‌లో ముక్కు నుంచి 30 మి.మీ. దూరంలో ఉంటుంది. రెండూ ఒకే గీత మీద రావాలంటే:

– కొత్త ఎక్స్ = 50 + (120 × ఎక్స్ − 30) × కాస్ కోణం + 120 × వై × సైన్ కోణం
– కొత్త వై = −(120 × ఎక్స్ − 30) × సైన్ కోణం + 120 × వై × కాస్ కోణం
– జడ్ = 600

కోణం −2 డిగ్రీలు. గుర్తు తప్పితే ముక్కు పైకి లేస్తుంది, కొన ముందుగా స్టాల్ అయ్యే (గాలి పట్టు తప్పి లిఫ్ట్ పోయే) రెక్క తయారవుతుంది. టిప్ ముక్కు పాయింట్ ఎక్స్ 20.02, వై −1.05 వచ్చిందంటే కోణం సరైన వైపే తిరిగినట్టు.

5. ఫైల్ సేవ్ చేయడం

చిన్న పనే, పెద్ద దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఎక్సెల్ టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసేటప్పుడు గడి లోపల ఉన్న సంఖ్యను కాదు, గడిలో కనిపించే సంఖ్యనే రాస్తుంది. గడి రెండు దశాంశాలే చూపిస్తుంటే ఫైల్లోకి రెండే వెళ్తాయి. నా మొదటి రెక్క ఇలాగే పోయింది. సైజు పెంచకముందే సేవ్ చేశాను, 0.0013 కాస్తా 0.00 అయింది. తర్వాత 200తో హెచ్చిస్తే వంపు మీద 2 మి.మీ. మెట్లు తేలాయి. చూసుకోకుండా కోయించాను కూడా. ఆ చెక్క ముక్కలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి.

☐ అన్ని గడులూ నంబర్ ఫార్మాట్, 6 దశాంశాలు (ఇలా పెడితే 1.2ఈ−05 తరహా సంఖ్యలు కూడా రావు)
☐ పేరు, శీర్షిక వరుసలు లేవు
☐ మూడు నిలువు వరుసలు. జడ్ ప్రతి వరుసలో ఉంది, సున్నా అయినా సరే
☐ "టెక్స్ట్, ట్యాబ్ డీలిమిటెడ్" గా సేవ్ చేశారు, యూనికోడ్ టెక్స్ట్‌గా కాదు
☐ రూట్‌కు ఒకటి, టిప్‌కు ఒకటి, రెండు ఫైళ్లు. రెండింటిలోనూ 81 వరుసలు

6. క్యాడ్‌లోకి తేవడం

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు మూడు పాయింట్ల పరీక్ష ఫైల్ ఒకటి వేయండి: (0, 0, 0), (100, 50, 0), (200, 0, 0). కర్వ్ వచ్చాక చివర్ల మధ్య దూరం కొలవండి. 200 మి.మీ. అయితే ముందుకు. 2000 అయినా 5080 అయినా యూనిట్ల గొడవ అప్పుడే తేలిపోతుంది.

సాలిడ్‌వర్క్స్: ఇన్సర్ట్, కర్వ్, కర్వ్ త్రూ ఎక్స్‌వైజడ్ పాయింట్స్. బ్రౌజ్ నొక్కినప్పుడు మీ ఫైల్ కనిపించకపోతే కంగారుపడకండి, కింద ఫైల్ రకాన్ని టెక్స్ట్‌కు మార్చండి. రూట్‌కు ఒకసారి, టిప్‌కు ఒకసారి చేయండి. తర్వాత ఫ్రంట్ ప్లేన్ మీద స్కెచ్ తెరిచి, కన్వర్ట్ ఎంటిటీస్‌తో కర్వ్‌ను అందులోకి తెచ్చి, తోక దగ్గర రెండు చివర్లనూ చిన్న గీతతో కలపండి. 600 మి.మీ. దూరంలో ఇంకో ప్లేన్ పెట్టి టిప్‌కూ అలాగే.

కాటియా: ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌లో కోడ్, దాని లోపల కమాండ్ అనే ఫోల్డర్‌లో పాయింట్లు, స్ప్లైన్, లాఫ్ట్ చేసే ఎక్సెల్ ఫైల్ ఉంటుంది, పేరు జీఎస్‌డీ అనే అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని కాపీ చేసుకుని వాడండి, అసలుది ముట్టుకోవద్దు. మొదట స్టార్ట్‌లాఫ్ట్, తర్వాత ఒక్కో సెక్షన్‌కు స్టార్ట్‌కర్వ్, పాయింట్లు, ఎండ్‌కర్వ్, అన్నీ అయ్యాక ఎండ్‌లాఫ్ట్, ఎండ్. కాటియాలో పార్ట్ తెరిచి ఉంచి మాక్రో నడపండి. 1 అంటే పాయింట్లు, 2 అంటే స్ప్లైన్లు కూడా, 3 అంటే లాఫ్ట్ కూడా. నేనైతే ఎప్పుడూ 2 తోనే ఆపుతాను. కర్వ్ చూడకుండా సర్ఫేస్‌కు పోవడం ఎందుకు?

ఫ్యూజన్: స్క్రిప్ట్స్ అండ్ యాడ్‌ఇన్స్‌లో సీఎస్‌వీ నుంచి స్ప్లైన్ చేసే స్క్రిప్ట్ ఉంది. ట్యాబ్ బదులు కామాలు కావాలి. ఆ స్క్రిప్ట్ సంఖ్యలను సెంటీమీటర్లుగా చదువుతుంది, మీ డాక్యుమెంట్ మి.మీ. లో ఉన్నా సరే. రెక్క పదింతలైందని వచ్చే ఫిర్యాదులన్నీ దీనివే. ఎక్సెల్‌లో 10తో భాగించండి.

ఆటోక్యాడ్: స్క్రిప్ట్ ఫైల్లో మొదటి వరుస స్ప్లైన్ కమాండ్, తర్వాత ఒక్కో వరుసలో ఒక్కో పాయింట్, మధ్యలో కామాలు. ఖాళీ స్పేస్ పెట్టకూడదు, ఆటోక్యాడ్‌కు స్పేస్ అంటే ఎంటర్ నొక్కినట్టే. నడిపే ముందు ఆబ్జెక్ట్ స్నాప్ ఆపేయండి. లేకపోతే దగ్గరగా ఉన్న పాయింట్లు పక్కదాన్ని పట్టుకుని కూర్చుంటాయి.

7. సర్ఫేస్‌కు ముందు కర్వ్‌ను పరీక్షించండి

మామూలుగా చూస్తే ఏ కర్వ్ అయినా నున్నగానే ఉంటుంది. కర్వేచర్ కోంబ్ (ఎక్కడ ఎంత వంపు ఉందో ముళ్లలాంటి గీతలతో చూపించేది) ఆన్ చేయండి. కాటియాలో దాన్ని పోర్క్యుపైన్ అంటారు, నిజంగా ముళ్లపందిలాగే ఉంటుంది. ముక్కు దగ్గర ముళ్లు బాగా పొడుగ్గా ఉండి, తోక వైపు వెళ్లేకొద్దీ నెమ్మదిగా తగ్గాలి.

☐ రంపం పళ్లలా పైకీ కిందికీ ఊగుతోందా? దశాంశాలు తక్కువయ్యాయి. 5వ భాగానికి వెళ్లండి.
☐ ఒక్కచోటే ముల్లు పొడుచుకొచ్చిందా? అక్కడి పాయింట్ తప్పు, లేదా రెండుసార్లు ఉంది.
☐ ముక్కు వ్యాసార్ధం రూట్‌లో దాదాపు 3.2, టిప్‌లో 1.9 మి.మీ. ఉందా?
☐ గరిష్ఠ మందం రూట్‌లో 24, టిప్‌లో 14.4 మి.మీ. ఉందా?

కొందరు ముక్కు దగ్గర కర్వ్‌ను రెండు ముక్కలు చేసి, పైది వేరు, కిందిది వేరుగా గీస్తారు. అప్పుడు ముక్కు దగ్గర రెండింటికీ ఒకే స్పర్శరేఖ మీరే పెట్టాలి. మరిచిపోతే ముక్కు మీద సన్నటి గీటు పడుతుంది. పాయింట్లు ముక్కు దగ్గర దట్టంగా ఉంటే ఒకే కర్వ్ చాలు.

8. సర్ఫేస్: రెండు సెక్షన్లు, ఒక లాఫ్ట్

లాఫ్ట్ తెరిచి రూట్‌నూ టిప్‌నూ ఎంచుకోండి. ఎక్కడ క్లిక్ చేస్తారన్నది ముఖ్యం. రెండింటిలోనూ ఒకే మూల దగ్గర, అంటే తోక పై అంచు దగ్గర క్లిక్ చేయండి. ఒకదాన్ని పైన, ఇంకోదాన్ని కింద పట్టుకుంటే రెక్క పిండిన తడి బట్టలా మెలితిరుగుతుంది. అలా వస్తే సాలిడ్‌వర్క్స్‌లో కనెక్టర్లు అన్నీ చూపించమని, ఆకుపచ్చ చుక్కలను సరైన మూలకు లాగండి. కాటియాలో క్లోజింగ్ పాయింట్‌నూ బాణం దిశనూ చూడండి.

గైడ్ కర్వ్ అక్కర్లేదు. రెండే సెక్షన్లుంటే మధ్యలో నేరుగానే వస్తుంది.

మూడు సెక్షన్లు ఉన్నప్పుడు జాగ్రత్త. పొట్ట నుంచి సగం దాకా ఒకే వెడల్పు, అక్కడి నుంచి సన్నబడే రెక్క అనుకోండి. మూడింటినీ ఒకే లాఫ్ట్‌లో వేస్తే సాఫ్ట్‌వేర్ మలుపును నున్నగా చేయాలని చూసి, నేరుగా ఉండాల్సిన భాగాన్ని ఉబ్బిస్తుంది. రెండు వేర్వేరు లాఫ్ట్‌లు చేయండి.

సాలిడ్‌వర్క్స్‌లో సాలిడ్ లాఫ్ట్ వేస్తే పని అక్కడితో అయిపోతుంది. సర్ఫేస్‌గా చేస్తే రెండు చివర్లనూ ప్లేనార్ సర్ఫేస్‌తో మూసి, నిట్‌లో సాలిడ్ చేయమనే టిక్ పెట్టండి. కాటియాలో ఫిల్, జాయిన్, క్లోజ్ సర్ఫేస్ ఆ వరుసలో.

ఇప్పుడు మాస్ ప్రాపర్టీస్ తెరవండి. రూట్ సెక్షన్ వైశాల్యం దాదాపు 3,285 చదరపు మి.మీ., సగం రెక్క ఘనపరిమాణం దాదాపు 1,290 ఘన సెం.మీ. రావాలి. ఒకటి రెండు శాతం తేడా పర్వాలేదు. ఆపై జీబ్రా చారలు వేసి ముక్కు వెంట చూడండి, చారలు విరగకూడదు.

9. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

"ఫైల్ చెల్లదు" అంటోంది: శీర్షిక వరుస, కామా, లేదా చివర్లో ఖాళీ వరుస ఉండిపోయింది. యూనికోడ్‌గా సేవ్ చేసినా ఇదే మాట అంటుంది.

కర్వ్ తనను తానే ఖండించుకుంటోంది: పై, కింది ఉపరితలాల వరుస కలిసిపోయింది. చాలావరకు మొత్తం ఫైల్‌ను ఎక్స్ ప్రకారం ఒకేసారి సార్ట్ చేసేయడం వల్ల.

స్కెచ్ మూసుకోలేదంటోంది: తోక గీత చివరలు కర్వ్ చివరలకు అంటుకోలేదు. కోఇన్సిడెంట్ రిలేషన్ పెట్టండి. కంటికి కలిసినట్టుంటే చాలదు.

లాఫ్ట్ అయింది కానీ షెల్ (లోపల బోలుగా చేయడం) అవ్వడం లేదు: గోడ మందం తోకలో పట్టడం లేదు. 1.6 మి.మీ. తోకలో రెండు వైపులా 1 మి.మీ. గోడలు ఎలా పడతాయి? మందం తగ్గించండి, లేదా తోకను 98 శాతం బదులు 95 దగ్గర ఆపండి. అక్కడ రూట్ మందం 3.2 మి.మీ. ఉంటుంది.

ఫైల్ మార్చాను, మోడల్ మారలేదు: సాలిడ్‌వర్క్స్‌లో కర్వ్‌కూ ఫైల్‌కూ తర్వాత సంబంధం ఉండదు. ఎడిట్ ఫీచర్‌కు వెళ్లి కొత్త ఫైల్‌ను మళ్లీ బ్రౌజ్ చేయాలి. పాత కర్వ్‌ను డిలీట్ చేసి కొత్తది వేయకండి, దాని మీద ఆధారపడిన స్కెచ్‌లు, లాఫ్ట్ అన్నీ ఎర్రబడతాయి. పాయింట్ల సంఖ్యను 81గానే ఉంచితే మిగతావన్నీ చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.